ఈ ఇంగ్లిష్ ఎవరిది? ఐర్లాండ్ రచయితలపై స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. ఐర్లాండ్ వాళ్లు ఇంగ్లిష్‌లో రాసిన సాహిత్యం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరైన ఆచార్యురాలు ఒకరు, ఐరిష్ నాటకాలను తెలుగు చేస్తున్న అనువాదకుడు ఒకరు మనతో ఉన్నారు. మేడమ్, యేట్స్, షా, జాయిస్, బెకెట్... వీళ్లందరినీ మేం ఇంగ్లిష్ రచయితలనుకునే చదివాం.

ఆచార్యురాలు: నేనూ అలాగే చదివానండి. ఎం.ఏ.లో యేట్స్ మాకు బ్రిటిష్ కవిత్వం పేపర్లో ఉండేవాడు. ఐర్లాండ్ మనిషని నోట్సులో ఒక్క లైను. చాలా ఏళ్లు నేను కూడా అలాగే పాఠం చెప్పాను, అది ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆయనకు 1923లో నోబెల్ వచ్చింది. ఐర్లాండ్‌లో చాలా భాగం బ్రిటిష్ పాలన నుంచి బయటపడి స్వేచ్ఛా రాజ్యంగా ఏర్పడి అప్పటికి ఏడాదే. నోబెల్ ప్రసంగానికి ఆయన ఎంచుకున్న విషయం తన కవిత్వం కాదు, ఐరిష్ నాటకోద్యమం. ఆయన అంత స్పష్టంగా చెప్పుకున్నా మనం వినలేదు.

సమన్వయకర్త: అసలు వాళ్ల భాష ఐరిష్ కదా. ఇంగ్లిష్‌లో ఎందుకు రాశారు?

ఆచార్యురాలు: ఆ ప్రశ్నకు జవాబు తెలియకపోతే ఈ సాహిత్యం సగమే అర్థమవుతుంది. 1831లో ప్రభుత్వ బడుల వ్యవస్థ వచ్చింది, చదువు ఇంగ్లిష్‌లో. పిల్లల మెడలో చిన్న కర్ర కట్టేవాళ్లు. నోట ఐరిష్ మాట వచ్చినప్పుడల్లా దానిమీద ఒక గాటు. చివరికి గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. చాలాచోట్ల దీనికి తల్లిదండ్రులే ఒప్పుకున్నారు. బతకడానికైనా, ఓడెక్కి అమెరికా పోవడానికైనా ఇంగ్లిష్ కావాలని వాళ్లకు తెలుసు. ఆ తర్వాత 1845లో బంగాళాదుంపకు తెగులు. తర్వాతి కొన్నేళ్లలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువ మంది దేశం వదిలిపోయారు. ఎక్కువ దెబ్బ తగిలింది పడమటి జిల్లాల పేదలకు, అంటే ఐరిష్ మాట్లాడేవాళ్లకు.

సమన్వయకర్త: ఆ నొప్పి రచనల్లో కనిపిస్తుందా?

ఆచార్యురాలు: జాయిస్ 1916లో ప్రచురించిన మొదటి నవల ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మ్యాన్’లో ఒక చోటు ఉంది. స్టీఫెన్ అనే డబ్లిన్ కుర్రవాడు, కాలేజీలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక ఫాదరీ దీపంలో నూనె పోసే గరాటు గురించి మాట్లాడుకుంటారు. ఫాదరీ ‘ఫనెల్’ అంటాడు, కుర్రవాడు ‘టన్‌డిష్’ అంటాడు. ఆ మాటే నేనెప్పుడూ వినలేదంటాడు ఫాదరీ, ఐర్లాండ్‌లో అలా అంటారా అని ఆశ్చర్యపోతాడు. ఈ భాష నాకంటే ముందు ఈయనది కదా అని కుర్రవాడి మనసు ముడుచుకుపోతుంది. నవల చివర్లో డైరీలో రాసుకుంటాడు: డిక్షనరీ చూశాను, టన్‌డిష్ అచ్చమైన పాత ఇంగ్లిష్ మాటే! మాకు తన భాష నేర్పడానికి వచ్చాడా, మా దగ్గర నేర్చుకోవడానికి వచ్చాడా అని మండిపడతాడు. ఒక గరాటు మీద ఇంత కథ. క్లాసులో ఇది చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది.

సమన్వయకర్త: సార్, మీరు ఐరిష్ నాటకకర్త సింజ్ నాటకం ‘ద ప్లేబాయ్ ఆఫ్ ద వెస్టర్న్ వరల్డ్’ తెలుగు చేస్తున్నారు. అక్కడ భాష ఇంకోలా ఉంటుందంటారు.

అనువాదకుడు: సింజ్ ఇంగ్లిష్ రాస్తే దాని లోపల ఐరిష్ వాక్యం ఉంటుందండి. 1898 నుంచి కొన్నేళ్లు వేసవుల్లో ఐర్లాండ్ పడమటి తీరంలోని అరన్ దీవులకు వెళ్లి, ఐరిష్ మాట్లాడే జాలర్ల మధ్య ఉన్నాడు. తండ్రిని చంపి వచ్చిన ఒకణ్ని దీవి జనం దాచిపెట్టిన కథ అక్కడే విన్నాడు. 1907లో వచ్చిన ఈ నాటకానికి అదే మూలం. ఐర్లాండ్‌లో ‘ఇప్పుడే బస్సు మిస్సయ్యాను’ అనడానికి ‘ఐ యామ్ ఆఫ్టర్ మిస్సింగ్ ద బస్’ అంటారు. ఇంగ్లండ్ వాళ్లకు అది వింత. ఐరిష్‌లో అది మామూలు వ్యాకరణం.

సమన్వయకర్త: తెలుగులోకి ఎలా తెస్తున్నారు?

అనువాదకుడు: అక్కడే నాకు టెన్షన్. ఐరిష్‌లో అవును, కాదు అనే విడి మాటల్లేవు. ‘వెళ్లావా?’ అంటే ‘వెళ్లాను’ అనాలి. మనకు ‘అవును’ ఉన్నా, ‘తిన్నావా?’ అంటే ‘తిన్నాను’ అనే అంటాం. ఇంగ్లిష్‌లో వింతగా వినిపించే జవాబు తెలుగులో హాయిగా కుదిరిపోతుంది. కుదిరిపోవడమే నా సమస్య, ఆ వింత పోతుంది కదా! పోనీ శ్రీకాకుళం యాసలో పెడితే, చదివేవాళ్లు నాటకం జరిగే మేయో కౌంటీ వదిలేసి శ్రీకాకుళం వెళ్లిపోతారు. మొదటి అంకం నాలుగుసార్లు తిరగరాశాను, ఇంకా తృప్తి లేదు.

సమన్వయకర్త: ఆ నాటకానికి గొడవ కూడా జరిగిందట?

అనువాదకుడు: డబ్లిన్ ఆబీ థియేటర్లో. యేట్స్, లేడీ గ్రెగరీ వాళ్లు 1904లో తెరిచిన థియేటర్ అది. ఆడవాళ్ల లోపలి బట్టను చెప్పే ‘షిఫ్ట్’ అనే మాట రాగానే ప్రేక్షకులు లేచి అరిచారు. వారమంతా పోలీసుల మధ్య ఆడారు. మా పల్లె ఆడవాళ్లను అవమానించావని జాతీయవాదుల కోపం. ఆ కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పరువు పోగొట్టుకున్న జనం పరువు కోసం అరిచారు. కానీ సింజ్ వాళ్ల మాటను ప్రేమించాడు, అది ప్రతి లైనులో తెలుస్తుంది.

ఆచార్యురాలు: ఒక్క మాట. భాష పోయిన బాధ ఒక్కటే చెబితే కథ పూర్తి కాదు. 1800లో ‘కాసిల్ రాక్‌రెంట్’ నవల రాసిన మరియా ఎడ్జ్‌వర్త్ భూస్వామి కూతురు. జమీందారీ కుటుంబం పతనాన్ని ఒక ముసలి నౌకరు నోట చెప్పించింది, అతని మాట తీరు అలాగే ఉంచింది. మనం మగవాళ్ల పేర్లే చెప్పుకుంటున్నాం.

అనువాదకుడు: నిజమే మేడమ్. ఈ చదువులోనే ఆ లోపం ఉంది.

ఆచార్యురాలు: ఉందండి. 1991లో షేమస్ డీన్ సంపాదకత్వంలో ఫీల్డ్ డే సంకలనం మూడు పెద్ద సంపుటాలుగా వచ్చింది. ఐరిష్ రచనను ఇంగ్లండ్ నీడలోంచి తీసి విడిగా నిలబెట్టిన పని అది, నాకు గౌరవం ఉంది. కానీ ఆడవాళ్ల రచనలకు అందులో దొరికిన చోటు చాలా తక్కువ. పెద్ద గొడవైంది. చివరికి 2002లో ఆడవాళ్ల రచనలు, సంప్రదాయాల కోసమే నాలుగో, అయిదో సంపుటాలు వేశారు. ఎడ్నా ఓబ్రియన్ మొదటి నవలను 1960లో ఐర్లాండ్ సెన్సార్ బోర్డు నిషేధించింది. పరాయి పాలన పోయాక కూడా నోరు మూయించడం ఆగలేదు.

సమన్వయకర్త: మన తెలుగు నేలకు, ఈ కథకు ఏమైనా లింకు ఉందా?

అనువాదకుడు: ఉంది, మదనపల్లె! జేమ్స్ కజిన్స్ అని బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి. యేట్స్ కాలపు నాటకోద్యమంలో ఉన్నాడు, 1902లో డబ్లిన్‌లో ఆయన నాటకాలు ఆడారు. 1915లో భార్య మార్గరెట్‌తో మద్రాసు వచ్చాడు, తర్వాత మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో పనిచేశాడు. 1919లో టాగూర్ అక్కడికి వచ్చి జనగణమనను ఇంగ్లిష్ చేసినప్పుడు, స్వరాలు రాసి పెట్టింది మార్గరెట్.

ఆచార్యురాలు: అంతకు పదిహేనేళ్ల ముందు, 1904 జూన్‌లో, ఉండడానికి చోటు లేని ఒక కుర్రవాడు డబ్లిన్‌లో ఇదే దంపతుల ఇంట్లో కొద్ది రోజులు తలదాచుకున్నాడు. జేమ్స్ జాయిస్. ఆయన నవల ‘యులిసీస్’ మొత్తం నడిచే ఆ ఒక్క రోజు కూడా ఆ నెలలోదే, జూన్ 16.