‘నేను’, ‘మీరు’: బర్మీస్, పోలిష్ భాషల మాటతీరు

శ్రోతలకు నమస్కారం.

ఇంటికి వచ్చిన మనిషిని మనం ‘భోజనం అయిందా’ అని పలకరిస్తాం. బర్మా, అంటే నేటి మయన్మార్‌లోని యాంగోన్ నగరంలో ఇరుగుపొరుగువారు ఎదురుపడినప్పుడు కూడా దాదాపు ఇదే అడుగుతారు. ‘థమిన్ సా ప్యీ బ్యీ లా’ అన్నది వారి పలకరింపు. థమిన్ అంటే అన్నం, సా అంటే తినడం, ప్యీ అంటే ముగియడం, బ్యీ అన్నది పని ఇప్పటికే జరిగిందని తెలిపే ప్రత్యయం, చివరి లా మన ప్రశ్నార్థకమైన ‘ఆ’ వంటిది. మాట పక్కన మాట పేర్చి చూస్తే ‘అన్నం తినడం అయిపోయిందా’ అన్న తెలుగు వాక్యమే వరుస చెదరకుండా వస్తుంది. ఎదుటివారు ఆడవారా మగవారా, ఒక్కరా పదిమందా అన్న సంగతి ఈ వాక్యానికి అక్కర లేదు.

ఇదే ప్రశ్నను పోలండ్ రాజధాని వార్సాలో అడగబోయేవారికి మాత్రం ఆ సంగతి తేలనిదే నోరు పెగలదు. స్నేహితుడినైతే ‘యాద్వెష్’ అని, స్నేహితురాలినైతే ‘యాద్వాష్’ అని అడగాలి. కొత్తవారైతే నువ్వు, మీరు అన్న మాటలేవీ పనికిరావు. మగవారిని ‘పాన్’ అని, ఆడవారిని ‘పాని’ అని పేర్కొని, ఆ మనిషి ఎదుట లేనట్టుగా ప్రథమపురుషలో, ‘అయ్యగారు తిన్నారా, అమ్మగారు తిన్నారా’ అన్న తీరులో అడగాలి.

ఈ రెండు భాషలకు చుట్టరికం లేదు. బర్మీస్ టిబెటన్‌కు దగ్గరి భాష, సినో-టిబెటన్ కుటుంబానికి చెందినది. పోలిష్ స్లావిక్ శాఖకు చెందిన ఇండో-యూరోపియన్ భాష, ఆ లెక్కన సంస్కృతానికి దూరపు దాయాది. మన అగ్ని అక్కడ ‘ఓగ్యెన్’, ధూమం ‘డిమ్’, శతం ‘స్తో’. పొగను చూసి నిప్పును ఊహించే తర్కశాస్త్ర ఉదాహరణను పోలండ్ రైతు తన సొంత మాటలతోనే చెప్పుకోగలడన్నమాట. బర్మీస్‌లోనూ భారతీయ పదాలకు కొదవ లేదు గాని, అవి నెత్తురు పంచుకున్నవి కావు, బౌద్ధంతో పాటు పాళీ భాష నుంచి నేర్చుకున్నవి. సుఖం అక్కడ ‘థుఖ’, రత్నం ‘యదనా’. సంస్కృతంతో పుట్టుబంధం లేకపోయినా దాని మాటలతో నిండుగా మాట్లాడే తెలుగువారికి బర్మీస్ వారి స్థితి సులభంగానే అర్థమవుతుంది.

రత్నంలోని రకారం యకారమైందని గమనించారు గదా. బర్మా రాజు అలౌంగ్‌పయా 1755లో ఒక ఊరికి శత్రుశేషం లేని చోటు అన్న అర్థంలో పెట్టిన పేరు, అక్షరాల ప్రకారం చదివితే ‘రన్‌కున్’, నేటి ఉచ్చారణలో ‘యాంగోన్’. గోదావరి ముఖాన ఉన్న కోరింగ రేవు నుంచి, విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి ఓడలెక్కి కూలికి వెళ్లిన మనవాళ్లకు అది రంగూన్, మాటవరసకు రంగం. 1931 జనగణన నాటికి ఆ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే ఉండేవారు. వారిలో తెలుగువారిని అక్కడ కోరింగ రేవు పేరు మీదనే ‘కోరంగీ’లని పిలిచేవారు. బర్మా నాలుక మీద చెరిగిపోయిన రకారం ఆ విధంగా మన పలుకులో నిలిచింది. బర్మాలోనే పడమటి తీరాన రఖైన్ ప్రాంతంవారు కూడా ఇంకా ‘ర’ అనే పలుకుతారు.

పోలిష్‌లోనూ ఒక పాత రకారానికి ఇదే గతి పట్టింది. అక్కడ సముద్రానికీ, ‘బహుశా’ అన్న మాటకూ పలుకులో తేడా లేదు, రెండూ ‘మోజె’లే. రాతలో మాత్రం సముద్రానికి ఆర్, జడ్ అక్షరాలు రెండూ జంటగా రాయాలి, రెండవదానికి చుక్క పెట్టిన జడ్ ఒక్కటి చాలు. ఈ జంట అక్షరాల దగ్గర పోలండ్ పిల్లలు పడే తిప్పలు, బండి ఱ ఎక్కడ రాయాలో తెలియక పాత తరం తెలుగు విద్యార్థులు పడిన తిప్పలు ఒకటే. అలాగే పోలిష్ రాతలో అచ్చు కింద చిన్న తోక కనిపిస్తే దానిని ముక్కుతో పలకాలని గుర్తు. మన అరసున్న ఒకప్పుడు చేసిన పని అదే. మనం దానిని పలకడం మాని, తరువాత రాయడమూ మానేశాం.

చెవికి మాత్రం ఈ రెండూ రెండు ధ్రువాలు. బర్మీస్ మాట ప్రాయికంగా ఒక్క అక్షరం. ‘ఖా’ అన్నదాన్ని దిగువ స్వరంలో అంటే దులపడం, ఎగువ స్వరంలో సాగదీస్తే చేదు, గొంతు బిగించి అంటే రుసుము. పోలిష్‌లో ఇటువంటి స్వరభేదాలు లేవు, హల్లుల మీద హల్లులు పేర్చడమే దాని వైభవం. పేడపురుగు జాతి కీటకాన్ని వారు ‘ఖ్‌షోన్‌ష్చ్’ అంటారు. మాటలు అచ్చుతో ముగిసే అజంత భాషకు అలవాటు పడిన మన నాలుకకు ఈ ఒక్క మాట చాలు, చెమట పట్టడానికి.

ఇక లింగం విషయానికి వస్తాను. ‘నేను చదివాను’ అని తెలుగులో ఎవరన్నా ఒకటే. పోలండ్‌లో మగవాడు ‘చితావెమ్’ అనాలి, ఆడమనిషి ‘చితావామ్’ అనాలి, క్రియ చివర మనిషి బయటపడవలసిందే. బర్మీస్ క్రియకు ఆ బాధ లేదు. కాని అక్కడ ‘నేను’ అనే మాట దగ్గరే మనిషి బయటపడతాడు. మర్యాదగా మాట్లాడే మగవాడు తనను ‘జునొ’ అనుకుంటాడు, స్త్రీ ‘జుమ’ అనుకుంటుంది. ఒకచోట క్రియ చెప్పేదాన్ని మరొకచోట సర్వనామం చెబుతున్నది.

బహువచనంలో పోలిష్ మరొక గీత గీస్తుంది. ‘వారు’ అనడానికి గుంపులో ఒక్క మగవాడున్నా ‘ఓని’, అందరూ స్త్రీలే అయితే ‘ఓనె’. ఆ ‘ఓనె’ అన్న మాటనే పిల్లులకు, కుర్చీలకు కూడా వాడాలి. ఇది విని ముక్కున వేలేసుకునే ముందు మన వ్యాకరణాన్ని తలచుకోవాలి. ‘ఆవు వచ్చింది’, ‘ఆమె వచ్చింది’ అనే మనం స్త్రీని ఏకవచనంలో అమహత్తుల, అంటే పశువులు, వస్తువుల పక్కన నిలబెట్టాం, బహువచనంలో మాత్రం ‘వారు వచ్చారు’ అని మనుషుల్లో కలిపాం. పోలిష్ వారు సరిగ్గా తిరగేసి చేశారు. పోలిష్ పురుషుడికి కూడా ఆ గౌరవం నిలకడగా ఉండదు. ఇద్దరు మగవారు వస్తే క్రియ పుంలింగ బహువచనంలో ఉంటుంది, అయిదుగురు వస్తే అదే క్రియ నపుంసక ఏకవచనానికి దిగిపోతుంది. సంఖ్య పెరిగితే మర్యాద తగ్గడం నాకు తెలిసి వ్యాకరణంలోనే జరుగుతుంది.

బర్మీస్ లెక్క వేరు. మనుషులను ‘యౌక్’ అన్న మాట చేర్చి లెక్కించాలి, పశువులను ‘కౌంగ్’ చేర్చి, భిక్షువులను ‘పా’ చేర్చి లెక్కించాలి. మనిషిని కౌంగులలో లెక్కించారంటే తిట్టినట్టే. మన ‘ముగ్గురు’, ‘మూడు’ అన్న భేదాన్ని పది పన్నెండు రకాలుగా విస్తరింపజేస్తే ఆ పద్ధతి అవుతుంది.

ఇందాక చెప్పిన ‘జునొ’ను అక్షరాలలో చూస్తే ‘జున్’ అంటే బానిస, మిగిలినది రాజమర్యాదను తెలిపే ప్రత్యయం, అంటే ప్రభువులవారి దాసుడు. అదే మగవాడు ఎదుటివారిని ‘ఖమ్యా’ అంటాడు. ఇది ‘థఖిన్ ఫయా’, అంటే యజమాని, దేవర అన్న మాటలు అరిగి మిగిలిన రూపం. నేను దాసుడిని, మీరు దేవర అన్న ఒడంబడిక ఆ విధంగా ప్రతి మర్యాద వాక్యంలోనూ దాగి ఉన్నది. మాట్లాడేవారికి అది స్ఫురించదు, మన ‘చిత్తం’ అన్న మాటలో మనసు స్ఫురించనట్టే. కాని బ్రిటిష్ పాలనలో తెల్లదొరలను ‘థఖిన్’ అని పిలవవలసి వచ్చినప్పుడు ఆ మాట మళ్లీ పచ్చిగా వినిపించింది. 1930లలో దొబమా అనే జాతీయవాద సంఘానికి చెందిన యువకులు తమ పేర్ల ముందు తామే ‘థఖిన్’ అని చేర్చుకున్నారు. ఈ దేశానికి యజమానులం మేమేనని వారి భావం. తరువాత స్వతంత్ర బర్మా తొలి ప్రధాని అయిన ఊ నూ, జాతిపితగా పేరొందిన ఆంగ్ సాన్ ఆ థఖిన్‌లలోని వారే.

పోలిష్ ‘పాన్’కు కూడా అర్థం ప్రభువు, యజమాని అనే. దేవుణ్ణి సైతం వారు ‘పాన్ బూగ్’ అంటారు. ఒకప్పుడు భూస్వాములైన కులీనులకు చెందిన ఆ గౌరవం క్రమంగా కూరగాయలమ్మేవారి దాకా దిగింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఈ ప్రభువుల వాసన నచ్చలేదు. దాని స్థానంలో ‘వి’ అనే బహువచన ‘మీరు’ను, కామ్రేడ్, పౌరుడు వంటి మాటలను ప్రచారంలో పెట్టింది. పార్టీ సభలలో అవి చెల్లాయి, బజారులో చెల్లలేదు. బర్మా యువకులు యజమాని అన్న మాటను దొరల నుంచి గుంజుకుంటే, పోలండ్ జనం దానిని వదులుకోమన్నా వదులుకోలేదు. నా దృష్టిలో ఈ రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూడడానికి ఇంతకంటె మంచి చోటు లేదు.

రెండు భాషల తొలి ఆధారాలు కూడా 2015లో ఒకేసారి యునెస్కో ప్రపంచ స్మృతుల జాబితాలో చేరాయి. బర్మాది బగాన్ సమీపంలోని మ్యాజేదీ శాసనం, 1113 నాటిది. చన్‌సిత్తా రాజు జబ్బుపడి ఉన్నప్పుడు కొడుకు రాజకుమార్ బంగారు బుద్ధప్రతిమను చేయించిన వైనాన్ని ఒకే రాతి నాలుగు ముఖాల మీద ప్యూ, మోన్, పాళీ, బర్మీస్ భాషలలో చెక్కించాడు. బర్మీస్ భాషలో మిగిలిన అతి పాత శాసనాలలో అది ఒకటి.

పోలండ్‌ది సైలీషియా ప్రాంతంలోని హెన్రికూఫ్ మఠానికి చెందిన లాటిన్ గ్రంథం. సుమారు 1270లో ఒక మఠాధిపతి ఆ ఊరి భూముల చరిత్ర రాస్తూ, బొగుహ్వావ్ అనే చెక్ దేశీయుడు తన భార్యతో అన్న ఒక మాటను మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాడు. రాతలో దొరికిన తొలి పోలిష్ వాక్యంగా దానినే చెబుతారు. భార్య పొద్దస్తమానం తిరగలి దగ్గర కూర్చుని విసురుతుంటే చూడలేక అతను ‘ఇటివ్వు, నేను విసురుతాను, నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో’ అన్నాడట. అందులో ‘యా’ అంటే నేను, ‘తి’ అంటే నువ్వు. ఆ వాక్యంలో పాన్ లేడు, పాని లేదు. అదే మాటను ఒక బర్మా భర్త చేత అనిపించాలంటే, తిరగలి అందుకోకముందే అతను ఆలుమగల చనువుకు తగిన ‘నేను’ ఏదో ఎంచుకోవలసి ఉంటుంది.

నమస్కారం.