కూర్చుని తియ్యండి

(బెంగళూరులో బాలికా దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, ఆదివారం పూట పనులు మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. సినిమా తీయడం, దాన్ని చూపించడం, ఆడపిల్లను బడికి పంపడం, ఈ మూడింటి గురించీ చెప్పమన్నారు. మొదటిదాంతో మొదలుపెడతాను.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలు వీడియో కెమెరా పట్టారు. వాళ్లలో చాలామంది బడి గడప తొక్కని దళిత స్త్రీలు. షాట్లకు పేర్లు కూడా వాళ్లే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి, ఊరి దొర చూసినట్టు చూసేది పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్. ఎంత గొప్ప చూపమ్మా అది!

మీరు మన వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు, వలస వచ్చిన భవన నిర్మాణ కూలీలుండే రేకుల షెడ్లకు సినిమా తీయడానికి ఫోన్ పట్టుకుని వెళ్తారు. తల్లి పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది, మీరు నిలబడి తీస్తారు. అంతే, పటేల్ షాట్ అయిపోయింది. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోండి. షెడ్డుకు ఉండేది ఒకటే తలుపు. పిల్ల వీపు తలుపు వైపు ఉంటే మొహం చీకటైపోతుంది, వెలుతురుకు ఎదురుగా తిప్పండి. ఇయర్‌ఫోన్ మైకు నోటికి జానెడు కింద పెట్టండి. చున్నీ తగిలిందా, మాట బదులు బరబర చప్పుడే మిగులుతుంది. మేస్త్రీ పక్కనుంటే అసలు తియ్యొద్దు, ఆయనకు నచ్చే జవాబే వస్తుంది. తీసింది ముందు తల్లీబిడ్డలకే చూపించండి. వద్దంటే వాళ్ల కళ్లముందే చెరిపేయండి.

ఇంకా మంచిది, ఫోన్ ఆ తల్లి చేతికే ఇవ్వండి. ఎత్తు దానంతటదే కుదురుతుంది.

చూపించడం గురించి ఒక్క మాట. కూలి డబ్బులిచ్చే బట్వాడా రోజు వద్దు, నీళ్ల ట్యాంకరు వేళా వద్దు, బిందెలు పట్టుకుని అందరూ లేచిపోతారు. వంటలయ్యాక, రాత్రి 8 దాటాక, 5 నిమిషాల సినిమా చాలు.

మళ్లీ ఆ షాట్ దగ్గరికే వస్తున్నాను, ఏమీ అనుకోకండి. నిలబడి తీస్తే పన్నెండేళ్ల పిల్ల నడినెత్తి కనబడుతుంది. కూర్చుని తీస్తే ఆ పిల్ల చంకలో తమ్ముడు కనబడతాడు. బడి ఎందుకు మానిందో అక్కడే ఉంది! తమ్ముణ్ని చూసేవాళ్లు లేరు. మీరు ‘చదువు ముఖ్యం తల్లీ’ అని ఎంత చెప్పినా వాణ్ని ఎక్కడ దించుతుంది?

ఈ సభలో సైట్ ఇంజినీర్లు ఉన్నారా? దయచేసి చేతులెత్తండి. యాభైమందికి మించి ఆడకూలీలున్న చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. మీ సైటులో ఆ గది ఉందా? సిమెంటు బస్తాలకు గది ఉంది కదా!

పిల్లవాడికి చోటు దొరికితే అక్కకు బడి దొరుకుతుంది. పాత బడి నుంచి టీసీ, అంటే బదిలీ పత్రం, రాలేదని, వయసు రుజువు లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2009 విద్యాహక్కు చట్టం ఇచ్చిన హక్కు అది. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. సినిమా చూపిన రాత్రే పేర్లు, వయసులు రాసుకోండి. మర్నాడు బడికి వెళ్తే తల్లికి కూలి పోతుంది, కన్నడంలో మాట్లాడాలంటే బెరుకు. మీలో ఒకరు తోడు వెళ్లాలి.

వచ్చే సోమవారం ఎవరు వెళ్తారు? గుమ్మం దగ్గర బల్ల మీద నోటుపుస్తకం ఉంది. పేరు రాసి వెళ్లండి.