పినాంగ్ దుకాణపు ఇంట్లో బస

శ్రోతలకు నమస్కారం. మలేషియాలోని పినాంగ్ దీవికి వెళితే జార్జ్‌టౌన్ పాతపట్టణంలో దిగండి. పెద్ద హోటల్లో కాదు, పాత దుకాణపు ఇంట్లో. కింద దుకాణం, పైన కాపురం. వలస వచ్చిన చైనావారూ, మన దక్షిణాది వర్తకులూ ఇలాంటి ఇళ్లలోనే బతికారు. వాటిలో కొన్నిటిని బాగుచేసి చిన్న చిన్న బసలుగా మార్చారు.

ముఖద్వారం చూసి ఇల్లు ఇంతేననుకోకండి. వీధివైపు వెడల్పు సుమారు 20 అడుగులే. లోపలికి వెళితే మాత్రం ఎంతకీ తరగదు. అటూ ఇటూ పక్కింటివారితో ఉమ్మడి గోడలు, కిటికీ పెట్టే వీలే లేదు. మరి వెలుతురు? మరి గాలి? అందుకే ఇంటి నడుమ కొంత మేర పైకప్పు వేయకుండా ఆకాశానికి వదిలేశారు. మండువా లోగిలిలో పెరిగినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

నేనున్న ఇంట్లో సాయంత్రం వాన పట్టుకుంది. నాలుగు చూరుల నుంచీ ధారలు రాతిపలకల మీద పడుతున్నాయి. ఇల్లు చూసుకునే పెద్దాయన ఏమాత్రం కంగారు లేకుండా వెదురు కుర్చీలు రెండడుగులు వెనక్కి జరిపి, మళ్లీ పేపరు తీశాడు. మేడ మీద నా గది చెక్క కిటికీ ఆ వానలోకే తెరుచుకుంది. ఇంట్లోనే వాన, తడవకుండా వాన! ఏసీ వేయాలన్న ఆలోచనే రాలేదు.

గోడలు సున్నంతో కట్టినవి. లోపలి చెమ్మ సున్నంలోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుని, పూత పెచ్చులూడుతుంది. అందుకే తెలిసినవారు సిమెంటు గీకించి మళ్లీ సున్నమే పూయిస్తారు.

1966 నాటి అద్దె నియంత్రణ చట్టం వల్ల ఇక్కడ అద్దెలు పెరగలేదు. యజమానులు మరమ్మతులూ చేయించలేదు, పడగొట్టనూ లేదు. 2000లో ఆ రక్షణ పోయింది, ఎంతోమంది పాత కాపురాలు ఎత్తేశారు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మనం హాయిగా పడుకునే గదిలో ఒకప్పుడు ఒక కుటుంబం ఉండేది. బసల గోడలకు వేలాడే అందమైన పటాల్లో వాళ్ల సంగతి కూడా ఉంటే బాగుండునని నాకనిపిస్తుంది.

ఇక అసలు మాట. గది తీసుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: కిటికీ ఎటు తెరుచుకుంటుంది? వీధివైపైతే సందడి, రాత్రి మోటారు సైకిళ్ల మోత. నడిమి ఖాళీ వైపైతే నిద్ర. కొందరు ఆ ఖాళీని అద్దాలతో మూసేస్తారు, కాబట్టి పైన తెరిచే ఉందా అని కూడా అడగండి. కిటికీ లేని గదులూ ఉంటాయి, చవకగా వచ్చాయని ఒప్పుకోకండి. మోకాళ్ల నొప్పులున్నవారు కింది గదే అడగాలి, చెక్కమెట్లు బాగా నిటారుగా ఉంటాయి. సెలవు.