తూము మూసేసే మాత్ర

శ్రోతలకు నమస్కారం.

నేను ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేసే ఫార్మసిస్టుని. మానసిక జబ్బులకు వాడే యాంటీసైకోటిక్ మందులు, మనం వేసుకునే ఇంకో మందును పనిచేయకుండా ఎలా అడ్డుకుంటాయో ఈ పూట మీతో చెప్పాలని వచ్చాను.

ఒక కోడలు తన మామగారి మందుల కోసం నెలనెలా మా కౌంటరుకి వస్తుంది. ఆయనకి డెబ్బై దాటాయి. పార్కిన్సన్స్ జబ్బు, మన ఊళ్లలో వణుకుడు రోగం అంటాం. లెవోడోపా మాత్రలు మొదలుపెట్టాక కాఫీ గ్లాసు ఒలకకుండా తనే పట్టుకుని తాగేవారట. ఓ నెల ఆమె వచ్చి, "సార్, మాత్ర పనిచేయడం మానేసింది. మామయ్యని మంచం మీంచి లేపాలంటే ఇద్దరం పట్టాల్సొస్తోంది. రోజుకి ఇంకోటి పెంచి వెయ్యమంటారా?" అని అడిగింది.

"డోసు సంగతి డాక్టరుగారు చూస్తారు గానీ, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకసారి పట్టుకురామ్మా" అన్నాను.

మర్నాడు ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి బల్ల మీద గుమ్మరించింది. బీపీ మాత్రలు, గ్యాస్ మాత్రలు, సగం వాడిన దగ్గు మందు. వాటి అడుగున ఓ స్ట్రిప్పు ముక్క. విడిగా అమ్మేటప్పుడు కత్తిరిస్తారు కదా, పేరు సగానికి తెగిపోయింది. మిగిలిన అక్షరాలు కూడబలుక్కుని చదివితే ప్రోక్లోర్‌పెరజిన్ అని తేలింది. "కళ్లు తిరుగుతున్నాయంటే ఊళ్లోనే తెచ్చాం సార్. మూడు వారాల నుంచి పూటకొకటి వేస్తున్నాం" అంది.

ఆ మాత్రను తల తిరుగుడుకీ వాంతులకీ ఇస్తారు. చాలా ఇళ్లలో అది డబ్బాలో పడి ఉంటుంది. కానీ పుట్టుక చూస్తే అది యాంటీసైకోటిక్ కుటుంబానిదే. ఆ కుటుంబంలో మొట్టమొదట వచ్చిన మందు క్లోర్‌ప్రోమజిన్‌కి దగ్గరి చుట్టం. వాంతుల సూది మందు మెటోక్లోప్రమైడ్ మానసిక జబ్బుల మందు కాకపోయినా, మెదడులో చేసే పని మాత్రం అదే.

ఆ పని ఏమిటంటారా? మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. చెయ్యి కదలాలన్నా అడుగు పడాలన్నా అది కావాలి. దాన్ని చెరువులో నీళ్లనుకోండి. పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతూ ఉంటాయి, చెరువు ఎండిపోతూ ఉంటుంది. లెవోడోపా మెదడులోకి వెళ్లి డోపమైన్‌గా మారి ఆ చెరువును నింపుతుంది. యాంటీసైకోటిక్ మాత్ర చెరువు జోలికి పోదు. పొలానికి నీళ్లు వదిలే తూము ఉంటుంది చూడండి, దాన్ని మూసేస్తుంది. శాస్త్రవేత్తలు ఆ తూముకి డీ2 రిసెప్టర్ అని పేరు పెట్టారు. తూము మూసి ఉన్నాక చెరువులోకి ఎన్ని నీళ్లు తోలితే మాత్రం మడి తడుస్తుందా? ఆ కోడలు అడిగినట్టు ఇంకో లెవోడోపా వేస్తే పెద్దాయనకి వికారం, కలవరింతలు పెరిగేవేమో గానీ కాళ్లు కదిలేవి కావు.

ఈ కథలో మన నేలకీ భాగముంది. చేలగట్ల మీద దూలగొండి తీగ చూసే ఉంటారు, కాయ తగిలితే ఒళ్లంతా దురదే. దాని గింజల్లో లెవోడోపా ఉంది. 1937లో దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రవేత్తలు ఆ గింజల్లోంచే దాన్ని వేరుచేశారు. రెండోది సర్పగంధ. దాని వేరు పిచ్చికీ రక్తపోటుకీ పనిచేస్తుందని 1931లో కలకత్తాకి చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ రాశారు. ఆ వేరులోంచే తర్వాత రిసర్పిన్ అనే మందు వచ్చింది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఎక్కిస్తే అవి చెవులు వేలాడేసి కదలకుండా పడి ఉన్నాయి. అప్పుడు లెవోడోపా ఎక్కిస్తే కాసేపటికే లేచి తిరిగాయి. ఆ పరిశోధనలకే ఆయనకి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. రిసర్పిన్ చెరువును ఖాళీ చేస్తుంది, అందుకే మళ్లీ నింపితే కుందేళ్లు లేచాయి. హాలోపెరిడాల్ లాంటి యాంటీసైకోటిక్ మందులు తూమునే మూసేస్తాయి. ఆ హాలోపెరిడాల్‌ని 1958లో బెల్జియంలో పాల్ యాన్సెన్ బృందం తయారుచేసింది. వాళ్ల ప్రయోగశాలలో కొత్త మందుకి పెట్టే పరీక్షల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఆంఫెటమిన్ లాంటి ఉత్తేజక మందు ఎక్కించిన జంతువుల ఆరాటాన్ని ఇది అణుస్తుందా లేదా అని చూడటం. ఇంకో మందు పనిని ఆపగలిగిందనే దీన్ని ఎంచారు. అలాంటి మాత్ర లెవోడోపాకి అడ్డం పడిందంటే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

లెవోడోపా ఒక్కటే కాదు. ప్రొలాక్టిన్ హార్మోను తగ్గించడానికి ఇచ్చే కాబర్గోలిన్, బ్రోమోక్రిప్టిన్ మాత్రలూ ఆ తూము దగ్గరే పనిచేస్తాయి కాబట్టి వాటి బలమూ తగ్గుతుంది.

పెద్దాయన విషయానికొస్తే, డాక్టరుగారు ఆ తల తిరుగుడు మాత్ర ఆపించారు. ఇంతకీ ఆయనకి కళ్లు తిరిగేది లేచి నిలబడినప్పుడే. పార్కిన్సన్స్‌లో నిలబడగానే బీపీ పడిపోవడం తరచూ ఉంటుంది, ఆ మాత్ర దాన్ని ఇంకా పెంచగలదు కూడా. బిగుసుకుపోవడం వెంటనే పోలేదు, కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలన్నీ ఆమె ఓపిగ్గా చేసింది.

పార్కిన్సన్స్ ముదిరినవాళ్లకి రాత్రిళ్లు లేని మనుషులు కనిపించడం మామూలే. గుమ్మంలో ఎవరో నిలబడ్డారంటారు, చనిపోయిన తమ్ముడు వచ్చాడంటారు. కంగారుపడి అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళితే, జబ్బు సంగతి తెలియని చోట హాలోపెరిడాల్ సూది పడే ప్రమాదముంది. అవసరమైతే ఇలాంటివాళ్లకి తూమును గట్టిగా పట్టుకోని క్వెటియాపిన్‌ని తక్కువ డోసులో ఇస్తారు, లేదా రక్తపరీక్షలు చేయిస్తూ క్లోజపిన్ వాడతారు. అది డాక్టరు తేల్చాల్సిన విషయం.

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి మందులు వాడుతున్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ ఈ మాటలు వింటుంటే దయచేసి భయపడకండి. మీకు ఆ తూము కొంత మూయడమే వైద్యం. ఎవరూ లేకుండానే చెవిలో వినిపించే మాటలు తగ్గేది దానివల్లే. రేడియోలో విన్నామని మాత్ర మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ దారికి రావడానికి నెలలు పట్టొచ్చు. చేతులు వణికితే, నడక బిగుసుకుంటే అది మాత్ర వల్ల కావచ్చని మీ డాక్టరుతో చెప్పండి. డోసు తగ్గిస్తారు, మందు మారుస్తారు, లేదా ఆ వణుకు, బిగుతు తగ్గించే ట్రైహెక్సీఫెనిడిల్ కలుపుతారు. పక్కింటాయనకి వణుకు తగ్గిందని ఆయన లెవోడోపా తెచ్చుకుని మాత్రం వేసుకోకండి. దాంతో భ్రమలు పెరగొచ్చు.

ఆ కోడలు మళ్లీ వచ్చినప్పుడు మామగారి ఓపీ ఫైలు చూపించింది. అట్ట మీద ఎర్ర సిరాతో పెద్దక్షరాల్లో రాసి ఉంది. మీ ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లుంటే కాగితం, పెన్ను తీసుకోండి. నెమ్మదిగా చదువుతాను.

"ఈయనకు పార్కిన్సన్స్ ఉంది. హాలోపెరిడాల్, ప్రోక్లోర్‌పెరజిన్, మెటోక్లోప్రమైడ్ ఇచ్చేముందు మా న్యూరాలజీ డాక్టరుతో మాట్లాడండి."

కింద మీ న్యూరాలజీ డాక్టరుగారి ఫోన్ నంబరు రాసుకోండి. రాయడం అందనివాళ్ల కోసం మళ్లీ చదువుతున్నాను. హాలోపెరిడాల్. ప్రోక్లోర్‌పెరజిన్. మెటోక్లోప్రమైడ్.

నమస్కారం.