ఎయిర్‌పోర్టులో ఫోన్ పాస్‌వర్డ్ అడిగితే?
(బ్రిటన్‌లోని తెలుగు శ్రోతల కోసం ఫోన్-ఇన్ కార్యక్రమం. శ్రోతల పేర్లు తీసేసి అక్షరబద్ధం చేశాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. బ్రిటన్ ఉగ్రవాద నిరోధక చట్టాలు మన ఫోన్ దాకా, మన వీధి దాకా ఎంతవరకు రావచ్చు? ఈ వారం అంశం ఇదే. జవాబులు చెప్పడానికి న్యాయవాది స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ రెడింగ్ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే అండి. నేను ఐటీలో పనిచేస్తాను. హైదరాబాద్ నుంచి తిరిగొస్తుంటే ఇక్కడ ఎయిర్‌పోర్టులో నన్ను పక్కకు పిలిచారు. ఎందుకు వెళ్లావు, ఎవరిని కలిశావు, డబ్బు ఎవరికి పంపుతావు అని చాలాసేపు అడిగారు. తర్వాత ఫోన్ తీసుకుని పాస్‌వర్డ్ చెప్పమన్నారు. భయపడి చెప్పేశాను. ఫోన్ వారంలోపే తిరిగొచ్చింది కానీ అప్పటి నుంచి నిద్ర లేదండి. అందులో మా ఆవిడ ఫొటోలున్నాయి, అమ్మ మెడికల్ రిపోర్టులున్నాయి. చెప్పనని అనే హక్కు నాకుందా?

న్యాయవాది: మీ చేతికి ఏదైనా కాగితం ఇచ్చారా?

శ్రోత: ఇచ్చారు మేడమ్. షెడ్యూల్ 7 అని ఉంది.

న్యాయవాది: అయితే అది 2000 నాటి టెర్రరిజం చట్టంలోని భాగం. విమానాశ్రయాల్లో, ఓడరేవుల్లో, యూరప్‌కి రైళ్లు వెళ్లే యూరోస్టార్ స్టేషన్‌లో పోలీసులు ఈ అధికారం వాడతారు. మీ మీద ప్రత్యేకంగా అనుమానం ఉండాల్సిన పని లేదు. ఎవరినైనా ఆపొచ్చు. మాట్లాడకుండా కూర్చునే హక్కు ఇక్కడ లేదు, జవాబు చెప్పకపోవడమే నేరం. మూడు నెలల దాకా జైలు పడొచ్చు. పాస్‌వర్డ్ సంగతీ అంతే. 2016లో హక్కుల కోసం ప్రచారం చేసే ఒక సంస్థ డైరెక్టర్ తన ఫోన్, లాప్‌టాప్ పాస్‌వర్డ్‌లు ఇవ్వనన్నారు. 2017లో లండన్ కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది, జైలుకు మాత్రం పంపలేదు. కాబట్టి మీరు చెప్పడం తప్పు కాదు బాబూ, చట్టం మీకు వేరే దారి ఇవ్వలేదు.

శ్రోత: మరి నా వీసాకి ఇబ్బందా?

న్యాయవాది: ఆపి ప్రశ్నించడం అరెస్టు కాదు, శిక్ష అంతకన్నా కాదు. నేరచరిత్ర అడిగే చోట దీన్ని శిక్షగా రాయకండి. ఏ ఫారంలోనైనా ప్రశ్న ఏమిటో నిదానంగా చదివి, అడిగినదానికే నిజం రాయండి. ఆ కాగితం మాత్రం భద్రంగా దాచుకోండి. ఆఫీసు లాప్‌టాప్ కూడా తీసుకుని ఉంటే ఆ సంగతి ఆఫీసులో చెప్పేయండి.

వ్యాఖ్యాత: అంటే వాళ్ల ఇష్టమేనా మేడమ్? హద్దు అనేదే లేదా?

న్యాయవాది: ఉంది. మొత్తం ఆరు గంటలు దాటకూడదు. 2014కి ముందు తొమ్మిది గంటలుండేది. గంట దాటితే అధికారికంగా నిర్బంధించినట్టు చెప్పాలి. అప్పుడు లాయర్‌తో మాట్లాడే హక్కు, ఇంట్లోవాళ్లకు కబురు చేయించే హక్కు వస్తాయి. ఇవి నోరు తెరిచి అడగండి. ఫోన్‌ని పరీక్ష కోసం ఏడు రోజుల వరకు ఉంచుకోవచ్చు. మీరు చెప్పిన జవాబులను మామూలుగా క్రిమినల్ కేసులో మీ మీద సాక్ష్యంగా వాడలేరు.

శ్రోత: మరి నా ఫోన్‌లో ఉన్నవాటికి వాళ్లు తీసుకున్న కాపీ?

న్యాయవాది: నాకు బాధ కలిగించేది అదే. ఫోన్ మీ జేబులోకి తిరిగొస్తుంది, కాపీ అవసరమున్నంత కాలం వాళ్ల దగ్గరే ఉండొచ్చు. పోలీసుల వాదనలో బలం లేదని నేననను. 2005 జులై 7న లండన్‌లో 52 మందిని చంపారు. 2017లో మాంచెస్టర్ అరీనాలో 22 మంది పోయారు, వాళ్లలో పిల్లలున్నారు. సరిహద్దు దగ్గర పోలీసులకు దొరికేది సగం సమాచారమే, ఆపి అడగాల్సిందే. కానీ సూట్‌కేసు తెరిచి చూడటం వేరు, ఫోన్ తెరవడం వేరు. ఫోన్‌లో మీ సంసారం, మీ జబ్బులు, మీ పూజలు, మీ అప్పులు అన్నీ ఉంటాయి. ఏ కారణమూ లేకుండా దాన్నంతా కాపీ చేయడం అన్యాయమని నా అభిప్రాయం. ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయంలో 2011లో ఆపిన ఒక ఫ్రెంచ్ మహిళ స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టుదాకా వెళ్లింది. అప్పటి చట్టంలో తగిన రక్షణలు లేవని, ఆమె వ్యక్తిగత జీవిత హక్కుకు భంగం కలిగిందని 2019లో తీర్పొచ్చింది. మీరూ ఊరుకోకండి. మీ గురించి ఏం ఉంచుకున్నారో చెప్పమని పోలీసులకు రాయండి. ఫీజు లేదు, మామూలుగా నెలలో జవాబివ్వాలి. భద్రతా కారణాలు చెప్పి కొంత దాచొచ్చు, అయినా రాయండి.

వ్యాఖ్యాత: బర్మింగ్‌హామ్ నుంచి అమ్మా, మాట్లాడండి.

శ్రోత: మా వీధిలో కెమెరాలు పెడుతున్నారండి. నాకేమో టెన్షన్. మావారేమో ‘మనం తప్పు చేయనప్పుడు భయమెందుకు’ అంటారు.

న్యాయవాది: మీ ఊళ్లోనే జరిగిన సంగతి చెప్తాను. 2010లో స్పార్క్‌బ్రూక్, వాష్‌వుడ్ హీత్ ప్రాంతాల్లో రెండు వందలకు పైగా కెమెరాలు పెట్టారు. వాటిలో 72 రహస్యంగా అమర్చినవి. అక్కడ ముస్లిం కుటుంబాలు ఎక్కువ. దొంగతనాలు, గొడవలు తగ్గించడానికని చెప్పారు, డబ్బు మాత్రం ఉగ్రవాద నిరోధక నిధి నుంచి వచ్చింది. అది బయటపడ్డాక జనం తిరగబడ్డారు. వేరే పోలీసు విభాగం అధిపతి విచారించి తప్పుపట్టారు, 2011లో కెమెరాలు పీకేశారు. ఆ కుటుంబాలూ ఏ తప్పూ చేయలేదమ్మా. తమనే వేరుగా చూశారన్న బాధ మిగిలింది. ఆ బాధతో ఉన్నవాళ్లు రేపు అనుమానం వచ్చినా పోలీసు దగ్గరకు వెళ్తారా? అందుకే ఎవరు పెట్టారు, దేనికి, రికార్డింగ్ ఎన్నాళ్లు ఉంచుతారు అని కౌన్సిల్‌కి రాసి అడగండి.

శ్రోత: ముఖం గుర్తుపట్టే కెమెరాలని కూడా అంటున్నారు.

న్యాయవాది: కార్డిఫ్‌లో పోలీసులు వాటిని వాడిన తీరు చట్టవిరుద్ధమని 2020లో అప్పీలు కోర్టు తేల్చింది. ఎవరి కోసం వెతకాలి, ఎక్కడ పెట్టాలి అన్నది పోలీసుల ఇష్టానికి వదిలేశారని తప్పుపట్టింది. ఆ కెమెరాలే వద్దని మాత్రం అనలేదు.

వ్యాఖ్యాత: కవెంట్రీ నుంచి స్టూడెంట్. టైమ్ తక్కువుంది, క్లుప్తంగా.

శ్రోత: స్టేషన్ బయట రోడ్డు మీద రీల్ తీస్తుంటే పోలీసు వచ్చి డిలీట్ చేయమన్నాడండి. చేసేశాను.

న్యాయవాది: బహిరంగ స్థలంలో వీడియో తీయడం నేరం కాదు. ఉగ్రవాది అన్న సహేతుకమైన అనుమానం ఉంటే ఆపి, ఫోన్‌లో ఉన్నవి చూడొచ్చు. డిలీట్ చేయించే అధికారం మాత్రం లేదు. ఈసారి ‘ఏ చట్టం కింద అడుగుతున్నారు సర్’ అని మర్యాదగా అడుగు.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్, మిల్టన్ కీన్స్ నుంచి పెద్దావిడ.

శ్రోత: అమ్మాయి దగ్గరికి వచ్చానమ్మా, విజిటర్ వీసా మీద. మొన్న రైల్లో ఎవరూ లేని బ్యాగు ఒకటి చూశాను. చెబుదామంటే నా పేరూ ఊరూ రాసుకుని నన్నే తిప్పుతారేమోనని భయపడి దిగిపోయాను.

న్యాయవాది: ఆ భయం మీ ఒక్కరిదే కాదు పిన్నిగారూ, ఇక్కడ పదేళ్లున్నవాళ్లకీ ఉంది. అలాంటిది చూస్తే ముందు దూరంగా జరగండి. దాన్ని ముట్టుకోకండి. రైలు సిబ్బంది కనిపిస్తే వేలితో చూపించినా చాలు. లేదా రైల్వే పోలీసులకు మెసేజ్ పెట్టించండి. ప్రాణాపాయం అనిపిస్తే 999. ఎవరి మీదైనా ఉగ్రవాద అనుమానం ఉంటే 0800 789 321కి ఫోన్ చేయొచ్చు, మీ పేరు చెప్పకపోయినా వింటారు.

శ్రోత: మెసేజ్ నంబరు చెప్పమ్మా, అమ్మాయి రాసుకుంటోంది.

న్యాయవాది: 61016. రైలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో, బ్యాగు ఏ పెట్టెలో ఉందో రాస్తే చాలు.