హ్యాంక్ మోబ్లీ ‘సోల్ స్టేషన్’ రివ్యూ: ఈయన్ని ఎందుకు వదిలేశాం?

నమస్తే అండీ, అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం 1960లో రికార్డు చేసిన జాజ్ ఆల్బమ్ ‘సోల్ స్టేషన్’. జాజ్ అంటే అమెరికాలో పుట్టిన సంగీతం, వాయించేవాళ్లు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. వాయించినాయన హ్యాంక్ మోబ్లీ. జాజ్ శాక్సఫోన్ అనగానే జాన్ కోల్ట్రేన్ అంటారు, సోనీ రోలిన్స్ అంటారు. మోబ్లీ దాకా వచ్చేవాళ్లు తక్కువ. అది అన్యాయమండీ.

మన కోనసీమలో శాక్సఫోన్ అంటే పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళమే. డ్రమ్ముల్ని దాటి వీధి చివరిదాకా వినపడాలి కాబట్టి గట్టిగా ఊదక తప్పదు. ఆ చెవితో వింటే మోబ్లీ మరీ మెత్తగా అనిపిస్తాడు. కాస్త ఓపిక పట్టండి. ఆ నాదం గుండ్రంగా ఉంటుంది, ఎక్కడా గుచ్చుకోదు.

1930లో జార్జియాలో పుట్టి న్యూజెర్సీలో పెరిగాడు. పదహారో ఏట జబ్బు చేసి నెలల తరబడి ఇంట్లోనే ఉండాల్సొస్తే, కాలక్షేపానికని శాక్సఫోన్ చేతికొచ్చింది. జాజ్ మెసెంజర్స్ బృందం మొదలైనప్పుడు డ్రమ్స్ వాయించే ఆర్ట్ బ్లేకీ, పియానో వాయించే హొరేస్ సిల్వర్‌లతో ఈయనా ఉన్నాడు. 1961లో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ బృందంలో, అంతకుముందు కోల్ట్రేన్ వాయించిన స్థానంలో చేరాడు. ఆ ఏడాది డేవిస్ ఆల్బమ్ ‘సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్’ టైటిల్ పాటలో ముందు మోబ్లీ సోలో (ఒక్కడే ముందుకొచ్చి వాయించే వంతు) వస్తుంది, తర్వాత అతిథిగా వచ్చిన కోల్ట్రేన్ సోలో. ఒకే పాటలో అలా పోటీ పెడితే నెమ్మదిగా మాట్లాడే మనిషి ఎవరికి కనపడతాడు?

ఇక ఆల్బమ్. ఆరు పాటలు, అందులో నాలుగు మోబ్లీ సొంతవి. ‘దిస్ ఐ డిగ్ ఆఫ్ యూ’ ఒక్కటి వినండి చాలు. ట్యూన్ తనదే, ఆల్బమ్ మీద పేరూ తనదే. అయినా మొదటి సోలో పియానో వాయించే వింటన్ కెల్లీకి ఇచ్చి, తర్వాత తను అందుకున్నాడు. దరువుకి వెంట్రుకవాసి వెనకగా ఊదుతూ పోతాడు. తడబడుతున్నాడేమో అనుకునేలోపే వచ్చి సరిగ్గా దరువు మీద దిగుతాడు. ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్, పాల్ చాంబర్స్ వాయించే బేస్ (లోతైన స్వరాల పెద్ద తీగ వాద్యం) కింద నుంచి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టే ఆ ధైర్యం. ‘డిగ్ డిస్’ మాత్రం నాకు మామూలుగానే అనిపించింది.

హెరాయిన్ అలవాటు, జైలు ఆయన్ని చాలా దెబ్బతీశాయి. ఆయన రికార్డులు వేసే బ్లూ నోట్ కంపెనీ కొన్ని రికార్డింగులు ఏళ్ల తరబడి బయటికే తీయలేదు. 1966లో వాయించిన ‘ఎ స్లైస్ ఆఫ్ ద టాప్’ 1979లో విడుదలైంది. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బుతో వాయించడం దాదాపు ఆగిపోయింది. పేరు రావాల్సిన వయసులో రికార్డులు బీరువాలో ఉన్నాయి, రికార్డులు వచ్చేసరికి ఊదే ఊపిరి లేదు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. 1986లో ఫిలడెల్ఫియాలో పోయాడు, 55 ఏళ్లకే.

ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటి పాట ‘రిమెంబర్’ నుంచి వరసగా వినండి. మన బ్యాండు మేళాల్లో శాక్సఫోన్ వాయించే అన్నలెవరైనా చూస్తుంటే, ఆ ‘రిమెంబర్’ ట్యూన్ మీ పద్ధతిలో వాయించి వీడియో పంపండి. ఈ ఛానెల్లోనే పెడతాను.