కొండల్లో ఒక ముత్తవ్వ జాడ

శ్రోతలకు నమస్కారం. అమెరికా తూర్పు వైపున అపలాచియన్ కొండలున్నాయి. అక్కడి కెంటకీ, టెనెసీ, వెస్ట్ వర్జీనియా పల్లెల నుంచి లక్షల మంది పొట్ట చేతపట్టుకుని సిన్సినాటి, డెట్రాయిట్ లాంటి ఫ్యాక్టరీ ఊళ్ళకు వలస వెళ్ళారు. ఇవాళ వాళ్ళ మనవలు, మునిమనవలు పాత కాగితాలు తిరగేస్తున్నారు, మా ముత్తవ్వ ఎవరింటి ఆడపిల్ల అని.

ముత్తాత అయితే కాస్త తేలిగ్గానే దొరుకుతాడు. పొలం దస్తావేజుల్లోనో, పన్నుల జాబితాలోనో పేరుంటుంది. ముత్తవ్వ దగ్గరే చిక్కు. అక్కడ 1790 నుంచి పదేళ్ళకోసారి జనాభా లెక్కలు తీస్తున్నారు కానీ, 1840 దాకా ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు. మిగతావాళ్ళు ఉత్త అంకెలే. 1850లో ఇంట్లో అందరి పేర్లూ రాశారు, బానిసలవి తప్ప. వాళ్ళకు యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు, అంతే. ఆ కొండల్లో బానిసలే లేరని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఆ పట్టికలు ఒక్కసారి చూస్తే చాలు.

ఇక 1890 లెక్కలు. 1921లో వాషింగ్టన్‌లో అగ్నిప్రమాదం జరిగి చాలావరకు పాడైపోయాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం తర్వాత ప్రభుత్వమే పారేయించింది. దాంతో 1882లో పుట్టి, పదిహేడేళ్ళకే అత్తారింటికి వెళ్ళిన పిల్ల కన్నవాళ్ళ ఇంట్లో ఒక్క లెక్కలోనూ కనబడదు. 1900 నాటికి ఇంటిపేరు మారిపోయి ఇంకో ఇంట్లో ఉంటుంది. పైగా మేరీ అని పేరు పెట్టి పాలీ అని పిలిచేవారు. లెక్కలకొచ్చినవాడు చెవిన పడ్డది పడ్డట్టు రాసుకుపోయేవాడు.

ఆ 1900 లెక్కల్లోనే రెండు చిన్న గళ్ళున్నాయి. ఎంతమందిని కన్నావు, ఎంతమంది బతికున్నారు? పదకొండు, ఏడు అని రాసి ఉందనుకోండి. ఆ నలుగురికి చాలాచోట్ల వేరే కాగితమే ఉండదు. కెంటకీ అంతటా జనన మరణాలు పద్ధతిగా నమోదు చేయడం మొదలైందే 1911లో. సమాధి మీద పేరు చెక్కని మామూలు రాయి పాతేవారు.

నా లెక్కన అన్నిటికన్నా విలువైనది, 1861-65లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధపు సైనికుల పెన్షన్ ఫైలు. తూర్పు కెంటకీ, తూర్పు టెనెసీల నుంచి చాలామంది ఉత్తరాది సైన్యంలో చేరారు. భర్త పోయాక భార్య పెన్షన్ అడిగితే, నీకు నిజంగా పెళ్ళయిందా అని సర్కారు ఆరా తీసేది. కోర్టు తగలబడి పెళ్ళి కాగితం లేకపోతే, పెళ్ళి చూసిన పొరుగువాళ్ళు, పురుడు పోసిన మంత్రసాని వచ్చి ప్రమాణం చేసి చెప్పాలి. పిల్లల పుట్టిన తేదీలు రాసుకున్న బైబిల్ పేజీ చింపి పంపినవాళ్ళూ ఉన్నారు. అవి వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. సర్కారువారి అనుమానం ఇలా పనికొచ్చిందన్నమాట!

మీ ముత్తాత సైన్యంలో చేరలేదా? అయితే ఆయన అన్నదమ్ముల ఫైళ్ళు, ఆ లోయలోని ఇరుగుపొరుగువాళ్ళ ఫైళ్ళు తెప్పించుకోవాలి. చదువు రాని మనిషి సంతకానికి బదులు ఇంటూ గుర్తు పెడితే, దాని పక్కన పేరు గుమాస్తా రాసేవాడు. పక్కింటి వితంతువు తరఫున సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్ళలో మీ ముత్తవ్వ కూడా ఉండొచ్చు.